ఇంటికి నల్లులు పట్టాయా? స్ప్రే పక్కన పెట్టి, ముందు మంచం విప్పండి

మా ఇంటికి నల్లులు మా వాడి ట్రాలీ బ్యాగులో వచ్చాయి. సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి, బ్యాగు తెచ్చి నేరుగా మంచం మీద పడేశాడు. ఫిబ్రవరిలో నా మోచేతి మీద వరసగా మూడు దద్దుర్లు లేచాయి. దోమలనుకుని రాత్రంతా దోమల మందు పెట్టుకుని పడుకున్నాం. ఒకరోజు మా అత్తగారు దుప్పటి మడతపెడుతూ ఆగిపోయి, అంచు దగ్గర వాసన చూసి, "దోమలు కాదే అమ్మాయ్, నల్లులు. ఈ కంపు నేను మర్చిపోతానా" అన్నారు.

ఆ తర్వాత మేం చేసిన మొదటి మూడు పనులూ తప్పే. గది మారాం. స్ప్రే కొట్టాం. పరుపుని హాల్లోకి ఈడ్చాం. దాంతో ఒక్క గదిలో ఉన్నవి కాస్తా మూడు గదులకీ పాకాయి. పూర్తిగా వదిలించుకునేసరికి మే నెల వచ్చింది. వరస తెలిసి మొదలుపెట్టి ఉంటే అందులో సగం రోజుల్లో అయ్యేది. ఆ వరసే మీకు చెబుతున్నాను.

ముందు అవి నల్లులేనని తేల్చుకోండి

దద్దుర్లు చూసి నిర్ణయానికి రావద్దు. ఒకే మంచం మీద పడుకున్నా మా ఆయనకి ఒక్క దద్దురు రాలేదు, అందుకని నాదంతా ఒంట్లో వేడి అని తేల్చేశారు. కొందరి చర్మం నల్లి కాటుకి అసలు స్పందించదు, కొందరికి కుట్టిన కొన్ని రోజులకి గానీ పైకి కనపడదు. దోమ కాటు, గజ్జి, ఎలర్జీ అన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. కాబట్టి పురుగు దొరకాలి, లేదా దాని గుర్తులు దొరకాలి.

ఫోన్ టార్చి వేసుకుని పరుపు మూలల్లో, అంచు చుట్టూ ఉండే లావు కుట్టు మడతల్లో, కంపెనీ లేబుల్ కింద చూడండి. గుడ్డ మీద జెల్ పెన్ను ఆనించి తీసినట్టు నల్లటి చుక్కలు కనపడతాయి. అది వాటి రెట్ట, అంటే అరిగిన మన రక్తమే. తడిగుడ్డతో రుద్దితే తుప్పు రంగులో సాగుతుంది. ఎదిగిన నల్లి కందిబద్దంత ఉంటుంది, 5 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఆకలి మీదుంటే కాగితంలా పల్చగా, గోధుమ రంగులో ఉంటుంది. రక్తం తాగాక ఉబ్బి ఎర్రబడుతుంది. గుడ్లు గసగసాల గింజంత, తెల్లగా, చెక్కకి అతుక్కుని ఉంటాయి. పిల్లలు మొదట్లో దాదాపు రంగు లేకుండా ఉంటాయి కాబట్టి తెల్ల దుప్పటి మీద కనపడవు. ఎగిరినా గెంతినా అది నల్లి కాదు. నల్లికి రెక్కల్లేవు, నడుస్తుందంతే, కానీ బాగా నడుస్తుంది.

పగలు దొరక్కపోతే తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని ఒక్కసారిగా టార్చి వెయ్యండి. ఒక నల్లి కడుపు నింపుకోడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత దాని కంత లోకి అది వెళ్ళిపోతుంది. ఎటు వెళ్తోందో చూస్తే మిగతావి ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.

సిగ్గుపడాల్సిన పని లేదు. నల్లికి కావలసింది మన రక్తం, దాక్కోవడానికి ఒక పగులు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా దానికి అనవసరం. 2023లో పారిస్ అంతా వీటితోనే గోల పెట్టింది. శివుడు మంచుకొండ మీద, విష్ణువు పాలసముద్రం మీద పడుకున్నది నల్లుల బాధ పడలేకే అని మన పెద్దలు హాస్యమాడారు గానీ, అందులో ఎంత అనుభవం ఉందో మాకు ఆ నెలల్లో అర్థమైంది. ఒక్క ఊరట ఏమిటంటే, దోమల్లా ఇవి రోగాలు మోసుకొస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదు. దురద, నిద్రలేమి, టెన్షన్, గోకితే పుండ్లు, వీటి వల్ల వచ్చే బాధ ప్రధానంగా ఇదే.

గది మారకండి

ఇది అందరికీ తోచే ఉపాయం, అందరినీ ముంచేదీ ఇదే. నల్లులు మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునీ, ఒంటి వేడినీ పట్టుకుని వస్తాయి. మీరు హాల్లోకి మారితే మీ దిండుతో కొన్ని వస్తాయి, మిగతావి వెతుక్కుంటూ బయల్దేరతాయి. గది మూసేస్తే ఆకలితో చస్తాయిలే అనుకుంటే, అవి తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. మీరు అదే మంచం మీద పడుకోవాలి. చెప్పడానికి బాగుండదు గానీ, ఈ వేటలో ఎర మీరే.

స్ప్రే కూడా ఇప్పుడే వద్దు. బజార్లో దొరికే డబ్బాల్లో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్లు అనే ఒకే రకం పురుగుమందులే, వాటికి నల్లులు చాలావరకు అలవాటు పడిపోయాయి. నేరుగా మీద పడినవి కొన్ని చస్తాయి, మిగతావి చెదిరి స్విచ్ బోర్డుల్లోకి, గడప సందుల్లోకి పోతాయి. గది మూసి వదిలేసే పొగ డబ్బాలదీ ఇదే కథ, ఆ పొగ పగుళ్ళలోకి దూరదు.

మందుల షాపుకి వెళ్ళే ముందు

ఊళ్ళో పురుగుమందుల షాపుకి వెళ్ళి "నల్లి మందు" అని అడిగితే మిరప తోటకి కొట్టే మందు చేతిలో పెడతారు. రైతుల లెక్కలో నల్లి అంటే ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి, తెల్లనల్లి. అది వేరే జీవి, దాని మందు వేరు. పొలం మందు ఏదైనా సరే పడకగదిలో కొట్టకండి.

ఒకప్పుడు నల్లులకి ఇళ్ళలో తెగ వాడిన నువాన్ అనే మందు ఉంది కదా, అందులో ఉండే డైక్లోర్‌వాస్‌ని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత సీసా అటక మీద ఉంటే వాడకండి. అంతకంటే భయంకరమైనవి ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. గదిలో పెట్టి తలుపేసినా గోడ పగుళ్ళ గుండా పక్కింట్లోకి పోతుంది. నల్లుల కోసం, ఎలుకల కోసం ఈ బిళ్ళలు పెట్టి పిల్లల ప్రాణాలు పోయిన ఇళ్ళు మన దేశంలో ఉన్నాయి. ఎవరు ఇచ్చినా, ఎంత గ్యారంటీ అన్నా తీసుకోకండి.

కిరోసిన్, పెట్రోలు, శానిటైజరు పోసి మంచం తుడవడం కూడా వద్దు, నల్లుల కంటే ముందు ఇల్లు కాలుతుంది. కలరా ఉండలు, వేపాకు, కర్పూరం వాసనకి కాసేపు పక్కకి జరుగుతాయేమో గానీ చావవు. బొద్దింకలకి వాడే బోరిక్ పౌడరూ దండగే. అది కడుపులోకి పోతేనే పనిచేస్తుంది, నల్లి రక్తం తప్ప ఇంకేదీ నోట పెట్టదు.

మొదటి రోజు పని: బట్టలు

నల్లికి నిజమైన శత్రువు వేడి. 50 డిగ్రీల సెల్సియస్ తగిలితే ఎదిగిన నల్లి వెంటనే చస్తుంది. గుడ్లు కాస్త మొండివి, 48 డిగ్రీల దగ్గర గంటన్నర దాకా పట్టవచ్చు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, మిగతా పనంతా మీకే తోస్తుంది.

దుప్పట్లు, దిండు గలీబులు, దోమతెర, మంచం దగ్గరున్న బట్టలు, కర్టెన్లు అక్కడికక్కడే పాలిథిన్ సంచుల్లో వేసి మూతి కట్టండి. చేతుల్లో పొదివి పట్టుకుని ఇల్లంతా తిరగొద్దు, మేం చేసిన తప్పు అదే. వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే అందులో వెయ్యండి. లేకపోతే నూలు బట్టల్ని పెద్ద డేగిసాలో మరిగిన నీళ్ళలో అరగంట నానబెట్టండి. వేడి నీళ్ళకి ఆగని పట్టు చీరలు మంచానికి దూరంగా బీరువాలో ఉంటే కంగారు పడకండి. ఇస్త్రీకి ఆగే బట్టలైతే కుట్ల మీద ఇస్త్రీ పెట్టె నిదానంగా లాగితే సరిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ పని తేలిక, డ్రయ్యర్లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే చాలు. శుభ్రం చేసినవి కొత్త సంచుల్లో కట్టి ఉంచండి, పని పూర్తయ్యేదాకా బీరువాలో సర్దొద్దు.

పుస్తకాలు, బూట్లు, బొమ్మల్లాంటివి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. మైనస్ 18 డిగ్రీల్లో నాలుగు రోజులు కదపకుండా ఉండాలి.

మంచం విప్పడం

అసలు యుద్ధం ఇక్కడే. కింద తెల్ల దుప్పటి పరవండి, పడినవి కనపడాలి. పక్కన ఒక మగ్గులో సర్ఫ్ కలిపిన నీళ్ళు, ఒక దబ్బనం, పాత ఏటీఎం కార్డు, వెడల్పు సెల్లో టేపు పెట్టుకోండి.

మా డబుల్ కాట్ తలవైపు చెక్కని బోల్టులు విప్పి గోడ నుంచి లాగినప్పుడు, ప్లైవుడ్ అంచుకీ బీడింగ్‌కీ మధ్య గీతలా నల్లగా ఉంది. మురికి అనుకున్నాను. ఏటీఎం కార్డు మూల ఆ సందులో పెట్టి లాగితే గీత కదిలింది. ఒకదాని మీద ఒకటి ఆనుకుని, పెద్దవీ పిల్లలూ, మధ్యలో ఊడిన పొట్టులు, గసగసాల్లా గుడ్లు. టేపుతో అద్దుకుంటూ పోతే అరగజం టేపు నిండింది. ఆ తర్వాత ప్రతి మేకు రంధ్రంలో దబ్బనం తిప్పాను. మా అత్తగారు పక్కన కూర్చుని, చిన్నప్పుడు నవారు మంచం కంతల్లో చీపురుపుల్ల పెట్టి ఇలాగే తీసేవాళ్ళమని చెబుతూ, నేను వదిలేసిన రంధ్రాలు చూపిస్తూ ఉన్నారు. "చేత్తో నలపకు, ఆ కంపు భోజనం దాకా పోదు" అన్నారు. నిజమే, పోలేదు.

తీసినవన్నీ సబ్బునీళ్ళలో పడెయ్యండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్న నాజిల్ పెట్టి సందులన్నీ లాగించి, ఆ చెత్తని కవర్లో కట్టి వెంటనే బయట పారెయ్యండి. గుడ్లు మాత్రం గాలికి రావు, గీకాలి.

తర్వాత వేడి. ఇనుప మంచమైనా, నవారు పట్టె మంచమైనా డాబా మీద మరిగే నీళ్ళు పోయడమే మందు, పూర్వం నుంచీ ఉన్నదే. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ప్లైవుడ్ మీద నీళ్ళు పోస్తే ఉబ్బుతుంది, దానికి బట్టలకి వాడే స్టీమర్ తీసుకోండి. మూతికి పల్చటి గుడ్డ కట్టి అంగుళం అంగుళం నిదానంగా జరపండి. గబగబా కొడితే ఆవిరి వేగానికి నల్లులు చావకుండా ఎగిరి పక్కన పడతాయి. స్విచ్ బోర్డుల జోలికి ఆవిరితో వెళ్ళొద్దు. ఆరాక మేకు రంధ్రాల్ని, పగుళ్ళని వుడ్ పుట్టీతోనో కొవ్వొత్తి మైనంతోనో మూసెయ్యండి.

మంచం చుట్టూ ఒక ఆరడుగుల దూరం లోపు ఇంకేమున్నాయో చూడండి: గోడ క్యాలెండరు వెనక, ఫొటో ఫ్రేములు, బల్ల సొరుగు అడుగు, ప్లాస్టిక్ కుర్చీ కింది వైపు గాడులు, కర్టెన్ పైమడత. మాకు ఆఖరున దొరికిన గుంపు దేవుడి క్యాలెండరు తగిలించిన మేకు చుట్టూ ఉంది.

పరుపు సంగతి

ఎండలో వేస్తే చస్తాయా అని అందరూ అడుగుతారు. పై వైపున ఉన్నవి చస్తాయి, మిగతావి నీడగా ఉన్న అడుగుకి దిగిపోతాయి. ఫిబ్రవరి ఎండకైతే అసలు లెక్కచెయ్యవు. రోహిణి కార్తెలో డాబా గచ్చు మీద కాలు పెట్టలేనప్పుడు, దిండ్లు, బొంతలు లాంటి పల్చటివి నల్ల పాలిథిన్‌లో గట్టిగా చుట్టి పదకొండు నుంచి నాలుగు దాకా తిప్పుతూ ఉంచితే పనిచేస్తుంది. ఆరంగుళాల పరుపు లోపలికి ఆ వేడి దిగదు.

పరుపు పారెయ్యాల్సిన పని చాలాసార్లు ఉండదు. కుట్లన్నీ టేపుతో, స్టీమర్‌తో శుభ్రం చేసి, ఆరు వైపులా మూసుకునే జిప్ కవరు తొడగండి. లోపల మిగిలినవి బయటికి రాలేవు, తిండి లేక అక్కడే పోతాయి. జిప్ మీద టేపు వేసి ఏడాది దాకా విప్పకండి. దూది పరుపైతే ఏకించడానికి ఇచ్చేముందు సంగతి వాళ్ళకి చెప్పండి. పారెయ్యక తప్పదనుకుంటే కోసి, దాని మీద మార్కరుతో "నల్లులున్నాయి" అని పెద్దగా రాయండి. లేకపోతే ఎవరో పాపం ఇంటికి పట్టుకుపోతారు.

మంచాన్ని దీవి చెయ్యండి

తిరిగి బిగించాక మంచాన్ని గోడకి జానెడు దూరం జరపండి. దుప్పటి, దోమతెర నేలకి తగలకూడదు. నాలుగు కోళ్ళ కింద నాలుగు స్టీలు గిన్నెలు పెట్టి, రెండంగుళాల నీళ్ళు, చిటికెడు సర్ఫ్ వెయ్యండి. చీమలకి పాలగిన్నె కింద పెట్టినట్టే. ఇక గోడల్లో మిగిలినవి మీ దగ్గరికి రావాలంటే ఆ నీళ్ళు దాటాలి. ఆన్‌లైన్లో ఇందుకోసం నున్నటి ప్లాస్టిక్ కప్పులు అమ్ముతారు, పొడిగా పెట్టేవి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఉండే నల్లి జాతి నున్నటి ప్లాస్టిక్‌ని కూడా ఎక్కగలదు, అందుకని నాకు నీళ్ళ గిన్నెలే నమ్మకం. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి, డెంగీ దోమలకి నర్సరీ పెట్టినట్టు కాకూడదు.

అడుగున పెట్టెలా మూసి ఉండే స్టోరేజ్ మంచమైతే దాన్ని ఇటుకల మీద ఎత్తి, ఇటుకల్ని పళ్ళేలలో పెట్టాలి. కుదరకపోతే ఈ రెండు నెలలకి ఒక మడత మంచం తెచ్చుకోండి, అదే గదిలో.

ప్రతి ఉదయం గిన్నెల్లో ఏం పడ్డాయో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. మాకు మొదటి వారం పదిహేడు, రెండో వారం ఆరు, మూడో వారం తొమ్మిది. తొమ్మిది చూసి నాకు ఏడుపొచ్చింది. అవన్నీ నువ్వుగింజ కంటే చిన్నవి, కొత్తగా పుట్టినవి.

పదో రోజు, ఇరవయ్యో రోజు

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మొదటి రోజు ఎంత బాగా చేసినా గుడ్లు కొన్ని మిగులుతాయి. మన వేడికి అవి వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్ల ఎదగడానికి ఐదుసార్లు పొట్టు విడవాలి, ప్రతిసారీ రక్తం తాగాలి, అంతా కలిపి ఐదారు వారాలు. అవి పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టేలోపే మీరు రెండోసారి, మూడోసారి మంచం విప్పాలి. దురద తగ్గిందని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. చివరి నల్లి కనపడిన రోజు నుంచి ఎనిమిది వారాలు ఒక్క గుర్తు కూడా లేకపోతే అప్పుడు వదిలాయని నమ్మండి.

పెస్ట్ కంట్రోల్ పిలవాలంటే

రెండు గదులు దాటి పాకితే, లేదా అపార్ట్‌మెంట్ అయితే, పిలవడమే మంచిది. ఫోన్‌లోనే మూడు విషయాలు అడగండి: పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉందా, ఏ మందు కొడతారు, రెండు వారాల్లోపు రెండోసారి వస్తారా. మాకు మొదట వచ్చినతను పది నిమిషాల్లో మూలమూలకీ ఘాటు లేని మందు కొట్టేసి డబ్బు తీసుకుని వెళ్ళాడు, మంచం విప్పనే లేదు. రెండో ఆయన రాగానే స్క్రూడ్రైవర్ అడిగాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. మందు కొట్టే రోజు పిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్ళు బయట ఉండాలి, చేపల తొట్టె కప్పాలి, చెప్పినంతసేపు ఆగి కిటికీలు తెరిచాకే లోపలికి రావాలి. ఆ తర్వాత వెంటనే గోడ అంచులు తడిగుడ్డతో తుడవకండి, మందంతా పోతుంది.

గోడకి ఆనుకున్న ఫ్లాట్లవాళ్ళకి చెప్పండి. నేను రెండు వారాలు సిగ్గుపడి, చివరికి పక్కింటి పిన్నిగారి దగ్గర నసిగితే, "మాకూ ఉన్నాయమ్మా, మీరేమనుకుంటారోనని..." అన్నారు. వైరింగ్ పైపుల గుండా అటూ ఇటూ తిరుగుతుంటే ఒక్క ఇంట్లో ఎంత చేసినా ఏం లాభం? ఇద్దరం ఒకే రోజు మందు కొట్టించాక గిన్నెల్లో లెక్క తగ్గింది. హాస్టల్లో ఉన్నవాళ్ళు కూడా ఒక్క మీ మంచమే కాదు, గది మొత్తానికి, ఆ పక్క గదులకి చేయించమని వార్డెన్‌ని పట్టుబట్టండి. న్యూయార్క్‌లోనైతే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు గత ఏడాదిలో నల్లులు వచ్చాయో లేదో రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన ఉంది, అక్కడున్న మనవాళ్ళు అడిగి తీసుకోవచ్చు.

మళ్ళీ రాకుండా

హైదరాబాద్ ఎర్రగడ్డ సంతలోనో, ఆన్‌లైన్లోనో పాత మంచం, సోఫా కొనేటప్పుడు టార్చి, దబ్బనం తీసుకెళ్ళండి. తిప్పి అడుగు చూడనివ్వకపోతే కొనకండి. లాడ్జిలో గదిలోకి వెళ్ళగానే బ్యాగుని బాత్రూమ్ గచ్చు మీద పెట్టి, తలవైపు పరుపు మూలలు రెండూ ఎత్తి చూశాకే మంచం మీద కూర్చోండి.

మా వాడు ఇప్పటికీ సెలవులకి వస్తూనే ఉన్నాడు. వాడి బ్యాగు గుమ్మంలోంచి నేరుగా డాబా మీదకి, బట్టలు వేడినీళ్ళ బకెట్లోకి, వాడు స్నానానికి. "జైల్లోకి వచ్చినట్టుందమ్మా" అంటాడు. మా అత్తగారు మాత్రం ముందు బ్యాగు జిప్పు మడతలో టార్చి వేసి చూసి, ఆ తర్వాతే మనవడి తల నిమురుతారు.